నెట్ తక్కువున్న చోట లైనక్స్

పాత ల్యాప్‌టాప్‌లో కొత్తగా లైనక్స్ ఎక్కించుకున్నవాళ్లు చాలామంది మొదటి గంటలోనే ఒక చిక్కులో పడతారు. సిస్టమ్ చక్కగా తెరుచుకుంటుంది, కీబోర్డు పనిచేస్తుంది, పాటలు వినిపిస్తాయి. వైఫై గుర్తు మాత్రం కనబడదు. ఆరా తీస్తే, ఆ వైఫై చిప్‌కు ఒక చిన్న ఫైలు కావాలని తేలుతుంది. ఆ ఫైలు ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్‌లోకి వెళ్లాలంటే ముందు వైఫై రావాలి. పెట్టెకు తాళం వేసి తాళంచెవి పెట్టెలోనే వదిలేసినట్టుంటుంది వ్యవహారం. అక్కడే విసుగు పుట్టి మళ్లీ విండోస్‌కు మళ్లేవాళ్లూ ఉన్నారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఇంకా కొన్నేళ్లు హాయిగా పనికొచ్చే యంత్రాలు ఎన్నిటికో ఇప్పుడు లైనక్సే మిగిలిన మంచి దారి. కాబట్టి ఈ చిక్కును కొట్టిపారేయడానికి లేదు. నెట్ సరిగా లేనివాళ్లకు లైనక్స్ కుదరదన్న మాట తరచూ వినబడుతుంది. ఆ మాట తప్పని నేను అనుకుంటున్నాను. ప్రోగ్రాములను ప్యాకేజీలుగా మూటగట్టి ఇచ్చే లైనక్స్ ఏర్పాటు మొదటినుంచీ చేత్తో మోసుకెళ్లడానికి వీలుగానే ఉంది. ఆ వీలును మనం మరచిపోయాం. దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చుకోవాలి, అదీ ఎవరికి వారు తంటాలుపడకుండా, కాలేజీకో గ్రంథాలయానికో ఒక ఉమ్మడి నిల్వ పెట్టుకుని.

ముందు వైఫై సంగతి. లైనక్స్ కెర్నెల్‌లో వైఫై చిప్‌లకు కావలసిన డ్రైవర్లు చాలావరకు ముందే ఉంటాయి. అయితే ఈనాటి చిప్‌లలో ఎక్కువ భాగం కరెంటు వచ్చిన ప్రతిసారీ తమ లోపలికి ఒక ప్రోగ్రామును పంపమని అడుగుతాయి. అదే ఫర్మ్‌వేర్. చిప్ తయారు చేసిన కంపెనీ దాని సోర్సును సాధారణంగా బయటపెట్టదు. ఇతరులు పంచుకోవడానికి కొన్ని కంపెనీలు అనుమతిస్తాయి, కొన్ని అదీ ఇవ్వవు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 6 నుంచి సోర్సు లేని ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్‌లోంచి తీసి పక్కన పెట్టేశారు. సిద్ధాంతం ప్రకారం అది నిజాయితీ గల పనే. దాని భారం మాత్రం అందరి మీదా సమానంగా పడలేదు. ఇంట్లో నెట్ కేబుల్ ఉన్నవాడికి ఆ ఫైలు రెండు నిమిషాల పని. వైఫై ఒక్కటే ఆధారమైనవాడికి అక్కడితో దారి మూసుకుపోయింది. పన్నెండేళ్ల దాకా ఇదే నడిచింది. చివరికి 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగు పెట్టుకుని, అధికారికమైన ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్‌ను చేర్చవచ్చని తీర్మానించారు. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12 ఆ మార్పుతోనే వచ్చింది. ఇంటెల్, రియల్‌టెక్ వైఫై ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలా వాటికి ఆరోజుతో ఈ బాధ తీరింది.

అన్నిటికీ తీరలేదు. పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించే బ్రాడ్‌కామ్ చిప్‌లు కొన్ని ఉన్నాయి. వాటికి బీ43 అనే డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంది. కానీ దానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టే హక్కు డెబియన్‌కు లేదు. అందువల్ల డెబియన్ ఇచ్చే ప్యాకేజీలో ఫర్మ్‌వేర్ ఉండదు. ఫర్మ్‌వేర్‌ను నెట్ నుంచి తెచ్చి విడదీసే చిన్న ప్రోగ్రాము మాత్రమే ఉంటుంది. ఆ ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చి ఇన్‌స్టాల్ చేసినా, అది మళ్లీ నెట్ కోసమే చూస్తుంది. సలహా చెప్పేవాళ్లు చాలామంది ఈ చిన్న విషయం గమనించరు. విన్నవాడు చెప్పినట్టే చేసి, తప్పు తనదేననుకుంటాడు. అదే చిప్‌లలో కొన్నిటికి బ్రాడ్‌కామ్ ఇచ్చే వేరే డ్రైవరు ఉబుంటు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌లోనే ఒక మూలన ఉంటుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను ప్యాకేజీల చోటుగా చూపిస్తే నెట్ లేకుండానే ఎక్కుతుంది. కాబట్టి ఏ లైనక్స్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు ముందు యంత్రంలో ఏ చిప్ ఉందన్న ప్రశ్న రావాలి. ఇన్‌స్టాల్ చేయక ముందే, పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూస్తే అది తెలిసిపోతుంది. చిప్ పేరును, దాని పక్కనుండే అంకెల గుర్తింపును రాసిపెట్టుకోవాలి. కంపెనీ ఒకే పేరుతో వేర్వేరు చిప్‌లు పెట్టిన యంత్రాలు అమ్ముతుంది కనుక మోడల్ పేరు ఒక్కటే చాలదు.

ఈ ముడి విప్పడానికి మన చేతిలోనే ఉన్న పరికరం ఫోను. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తోనే ల్యాప్‌టాప్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే, లైనక్స్‌కు అది మామూలు నెట్‌వర్క్ కార్డులాగే కనిపిస్తుంది. దానికి కావలసిన డ్రైవరు కెర్నెల్‌లో ఉంది, ఫర్మ్‌వేర్ అక్కరలేదు. చాలా ఫోన్లు తాము పట్టుకున్న వైఫైని కూడా ఈ కేబుల్ గుండా దాటిస్తాయి. అంటే ఆ కాసేపు ఫోనే ల్యాప్‌టాప్‌కు వైఫై కార్డు. హాట్‌స్పాట్ అందరికీ తెలుసు, ఈ కేబుల్ పద్ధతి తెలిసినవాళ్లు తక్కువ. వైఫై పనిచేయని ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఎంత పెట్టినా ఉపయోగం లేదు. పనికొచ్చేది కేబులే. కావలసిన ఫర్మ్‌వేర్ చాలాసార్లు కొద్ది ఎంబీలకు మించదు కాబట్టి, సిగ్నల్ నత్తనడక నడిచే చోట కూడా ఓపిక పడితే దిగుతుంది.

వైఫై వచ్చాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఆఫీసు పనికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, వీడియో పాఠాలు చూడటానికి ప్యాకేజీలు కావాలి. ఒక ప్యాకేజీ అడిగితే దానికి ఆధారమైనవి మరో పది వస్తాయి. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. ఈ ప్యాకేజీల ఏర్పాటు రూపుదిద్దుకున్న రోజుల్లో ఇళ్లలో నెట్ దాదాపు లేదు. లైనక్స్ సీడీల మీద ఊరూరూ తిరిగింది. ఆప్ట్ అనే ప్యాకేజీల పనిముట్టుకు సీడీని చూపించి వాడుకునే పద్ధతి నేటికీ ఉంది. 2004లో మొదలైన ఉబుంటు, అడిగినవాళ్లకు సీడీలను ఉచితంగా పోస్టులో పంపేది. 2011లో ఆ సేవ ఆపేశారు. మన దేశంలో 2003లో మొదలైన లైనక్స్ ఫర్ యూ పత్రిక డిస్కులతో కలిసి అమ్ముడయ్యేది. ఒక సంచిక కొంటే లైనక్స్ ఇంటికి వచ్చినట్టే. ఆ మొదటి ఉబుంటు ఒక్క సీడీలో పట్టింది. ఉబుంటు 24.04కు 5 జీబీలకు పైనే కావాలి. అంత పెద్దదై కూడా, దాన్ని తయారుచేసేవాళ్లు వాడేవాడికి నెట్ ఎప్పుడూ ఉంటుందనే అనుకుంటున్నారు. సాంకేతికంగా దారి మూసేయలేదు. దారి ఉందని చెప్పడం మానేశారు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఒకటుంది. డెబియన్ తన ప్యాకేజీలను డీవీడీలుగా విడగొట్టేటప్పుడు, ఎక్కువమంది వాడేవి మొదటి డిస్కులోకి వస్తాయి. ఎక్కువమంది వాడేవి ఏవో తెలుసుకోవడానికి, ఇష్టపడినవాళ్ల యంత్రాల నుంచి వారం వారం ఒక నివేదిక వెళుతుంది. ఆ నివేదిక వెళ్లేది నెట్ గుండానే. డీవీడీ ఎవరికి అత్యవసరమో, వాళ్లే ఆ లెక్కలోకి ఎక్కరు. ఇది ఎవరూ పనిగట్టుకుని చేసిన అన్యాయం కాదు. కానీ నెట్ లేనివాళ్ల అవసరం ఎక్కడా కనబడకపోవడానికి ఇదొక కారణం. వాళ్ల గురించి నోరు తెరిచి చెప్పవలసింది మనమే.

చేత్తో మోసుకెళ్లే పద్ధతి గురించి చెప్పగానే వచ్చే మొదటి అభ్యంతరం నమ్మకానికి సంబంధించినది. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో తెచ్చిన ప్యాకేజీని ఎలా నమ్మాలి? సరైన ప్రశ్న. దీనికి జవాబు ఆ ఏర్పాటులోనే ఉంది. 2007లో వచ్చిన డెబియన్ 4 నుంచి, ఆప్ట్ తెచ్చే ప్యాకేజీల జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ జాబితాల గొలుసులో ప్రతి ప్యాకేజీ ఫైలుకూ ఒక చెక్‌సమ్ ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా లెక్క తప్పుతుంది, ఆప్ట్ ఒప్పుకోదు. డెబియన్ ప్యాకేజీల నకళ్లుండే మిర్రర్ల నుంచి మామూలు, రహస్యలిపి లేని కనెక్షన్ మీద ప్యాకేజీలు దించుకోవడం తప్పుకాకపోవడానికి ఇదే కారణం. నమ్మకం మొత్తం సంతకం మీద ఆధారపడింది, వచ్చిన దారి మీద కాదు. అలాంటప్పుడు ఆ దారి ఫైబర్ తీగైనా బస్సులో జేబులో వచ్చిన పెన్‌డ్రైవ్ అయినా ఒకటే. షరతు ఒక్కటి: ప్యాకేజీలతోపాటు ఆ సంతకం చేసిన జాబితా కూడా రావాలి. విడి ప్యాకేజీ ఫైలును తెచ్చి మౌస్‌తో రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఈ పరీక్ష జరగదు. మన దగ్గర ఎక్కువగా నడిచేది ఈ విడి ఫైళ్ల పద్ధతే. మానుకోవలసింది కూడా దాన్నే.

సరైన పద్ధతిలో తేవడానికి పనిముట్టు ఎప్పటినుంచో ఉంది. పేరు ఆప్ట్-ఆఫ్‌లైన్. రాసినది మన దేశానికే చెందిన డెబియన్ డెవలపర్ రితేశ్ రాజ్ సరాఫ్. నెట్ లేని యంత్రంలో దీన్ని నడిపితే, ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నెట్ ఉన్న ఏ కంప్యూటర్ దగ్గరికైనా వెళ్లవచ్చు. అక్కడ విండోస్ ఉన్నా ఫరవాలేదు. అక్కడ అది కావలసినవన్నీ దించి ఒకే మూటగా కడుతుంది. ఇంటికి తెచ్చి మూట విప్పితే, చెక్‌సమ్‌లు, సంతకాలు సరిచూసి ఆప్ట్‌కు అప్పగిస్తుంది. ఇందులో ఇబ్బంది లేదని చెప్పను. మొదటిసారి ఆప్ట్-ఆఫ్‌లైన్‌ను కూడా బయటినుంచే తేవాలి. పైగా మామూలుగా రెండు ప్రయాణాలు అవుతాయి. ఏ ప్యాకేజీకి ఏది ఆధారమో తెలియడానికి మొదట తాజా జాబితా తేవాలి, ఆ తరవాతే ప్యాకేజీలు అడగాలి. నెట్ సెంటర్ పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఉమ్మడి నిల్వ కావాలని నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఇదే. నిల్వలో జాబితా, ప్యాకేజీలు కలిసే ఉంటాయి, ఒక్క ప్రయాణం చాలు.

డేటా ఇంత చవకైన రోజుల్లో ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయిన మాట నిజం. కానీ మన రీఛార్జులు ఎక్కువగా రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల పరిమితితో ఉంటాయి. ఉబుంటు 24.04ను దించుకోవడానికి అలాంటి ఫోను మీద మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఇంకెవరూ ఆ ఫోనులో పాఠం వినకూడదు. పాడేరు, భద్రాచలం వైపు ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కే పిల్లలకు ధర చవకైనా ఒకటే, కాకున్నా ఒకటే. ఇక 60 కంప్యూటర్లున్న కాలేజీ ల్యాబ్ చూడండి. ఒక్కో యంత్రం 500 ఎంబీల ప్యాకేజీలు దించుకుంటే 30 జీబీలు. అవే ఫైళ్లు, అరవై సార్లు. ఆప్ట్-క్యాషర్ అనే ప్రోగ్రామును ల్యాబ్‌లోని ఒక యంత్రం మీద పెడితే, మొదటి కంప్యూటర్ కోసం దించిన ఫైలునే మిగతా 59కి అందిస్తుంది. నెట్ బాగా ఉన్న చోట కూడా ఇదే తెలివైన పద్ధతి.

తక్కువ డేటా ఉన్నవాళ్లకు తెలియకుండా జరిగే నష్టం మరొకటుంది. ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు వెతుకుతుంది. స్నాప్ పద్ధతిలో వచ్చే ప్రోగ్రాములు రోజుకు కొన్నిసార్లు కొత్త వెర్షన్ల కోసం చూసి, అడగకుండానే దించేసుకుంటాయి. ఫోను కనెక్షన్‌ను నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీటర్డ్ అని గుర్తు పెడితే కొన్ని ప్రోగ్రాములు ఆగుతాయి. స్నాప్‌ను విడిగా నిలిపి ఉంచాలి. దించిన ప్యాకేజీల విషయం కూడా అంతే. ఆప్ట్ అనే ఆదేశం 2016 నుంచి, ఇన్‌స్టాల్ అయిపోగానే ఆ ఫైళ్లను చెరిపేస్తోంది. దాని అన్నలాంటి ఆప్ట్-గెట్ చెరపదు. నెట్ తక్కువున్నవాళ్లు ఆప్ట్-గెట్ వాడితే దించినది దించినట్టు మిగులుతుంది, అదే వెర్షన్ ఉన్న పక్కింటి యంత్రానికి కూడా పనికొస్తుంది.

మోసుకొచ్చిన ప్యాకేజీలు పాతవైపోతాయి, భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి అన్నది గట్టి అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. నెట్‌లో లేని యంత్రం మీద బయటివాళ్ల దాడికి అవకాశం తక్కువే. అయినా అదే యంత్రం అప్పుడప్పుడు ఫోను ద్వారా నెట్‌లోకి వస్తుంది, దానికి రకరకాల పెన్‌డ్రైవ్‌లు తగులుతాయి. కాబట్టి అప్‌డేట్లు మానేయడానికి లేదు, వాటికీ ఇదే దారి వాడాలి. ఇక్కడ వెర్షన్ ఎంపిక కీలకం. ఆర్చ్ లాంటి నిత్యం మారే లైనక్స్‌ను నెట్ తక్కువున్నవాళ్లకు సలహా ఇవ్వడం మేలు చేయబోయి కీడు చేయడమే. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ లాంటివి ఒకసారి విడుదలయ్యాక ప్యాకేజీల వెర్షన్లు దాదాపు మార్చవు, దోషాలు మాత్రమే దిద్దుతాయి. మోయవలసిన బరువు తగ్గుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. డెబియన్ భద్రతా జాబితాలకు గడువు తేదీ ఉంటుంది. పాతబడిన నిల్వను చూపిస్తే గడువు దాటిందని ఆప్ట్ నిరాకరిస్తుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లలో తేదీ వెనక్కి పోయి, సరైన సంతకం కూడా ఇంకా చెల్లదని చూపిస్తుంది. అప్పుడు చాలామంది సంతకం పరీక్షనే ఆపేస్తారు. అది మొత్తం ఏర్పాటుకు ప్రాణం తీయడమే. ముందు గడియారం సరిచేయాలి, తరవాత నిల్వను తాజా చేయాలి. ఆ రెండిటితో పని జరుగుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రాణంగా చూసుకునేవాళ్ల నుంచి వేరే అభ్యంతరం వస్తుంది. సోర్సు లేని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చడం రాజీ పడటం కాదా? రాజీయే. ఆ మాటను దాచకూడదు. డెబియన్ కూడా దాచలేదు. అలాంటి ఫర్మ్‌వేర్‌కు విడిగా ఒక విభాగం పెట్టింది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది వద్దనుకునే వీలు ఉంచింది. కొన్ని అథెరోస్ యూఎస్‌బీ వైఫై అడాప్టర్లకు ఫర్మ్‌వేర్ సోర్సు కూడా బహిరంగంగానే ఉంది. దొరికితే అవి కొనుక్కోవడం ఉత్తమం. కానీ చిప్‌ను ఎంచుకునే అవకాశం, డబ్బు లేని విద్యార్థికి, ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ చేతికొచ్చిన పిల్లవాడికి, ఆ ఒక్క ఫైలు కారణంగా మిగతా అరవై నాలుగు వేల ప్యాకేజీలు అందకుండా పోవడం నాకు న్యాయంగా తోచదు. డెబియన్ 12లో ఉన్న ప్యాకేజీలు 64 వేల పైచిలుకు.

మరి ఉమ్మడి నిల్వ అంటే ఎలా ఉండాలి? ముందే నడిచిన దారులు ఉన్నాయి. కేరళ ప్రభుత్వం బడుల కోసం తయారు చేయించే లైనక్స్‌లో, పాఠ్యప్రణాళికకు కావలసిన ప్రోగ్రాములన్నీ ముందే చేర్చి ఇస్తారు. ఇన్‌స్టాల్ చేశాక ఉపాధ్యాయుడు నెట్ కోసం వెతుక్కోనక్కరలేదు. ఎండ్‌లెస్ ఓఎస్ అనే లైనక్స్ నెట్ లేని ఇళ్లనే ఉద్దేశించి, విజ్ఞాన సర్వస్వంతో సహా పెద్ద ఇమేజీలు విడుదల చేసింది. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసి పంచింది. ఇవన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి: వాడేవాళ్లెవరో తెలిసినవాళ్లు మూట కడితే అది చిన్నదిగానే ఉంటుంది, సరిగ్గా సరిపోతుంది. మన మూటలో ఏముండాలో మనకే తెలుసు. డెబియన్‌లో తెలుగు డెస్క్‌టాప్‌కు కావలసినవన్నీ ఒకే పేరు కింద తెచ్చే ప్యాకేజీ ఉంది. పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీగానే దొరుకుతాయి. తెలుగు టైపింగ్ పద్ధతులు, లిబ్రేఆఫీస్, పైథాన్, సీ కంపైలర్, వీడియో ప్లేయర్, రియల్‌టెక్, ఇంటెల్ ఫర్మ్‌వేర్, బ్రాడ్‌కామ్ డ్రైవర్లు, ఆప్ట్-ఆఫ్‌లైన్. ఇంకొంచెం చోటుంటే, డెబియన్ 12కి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేలా తయారుచేసిన ఇమేజీ వివరణ ఉంది. జిగ్‌డో అనే ప్రోగ్రాము ఆ వివరణ చూసి, విడి ప్యాకేజీలను పోగుచేసి పూర్తి ఇమేజీని కడుతుంది. మధ్యలో నెట్ తెగినా మొదటికి రాదు.

దీన్ని చూసుకునేదెవరన్నది చివరి ప్రశ్న. ఇష్టం ఉన్నవాళ్లెవరో ఒకరు చూస్తారులే అనుకుంటే ఆరు నెలల్లో నిల్వ పాతబడి, పైన చెప్పిన గడువు చిక్కులన్నీ వస్తాయి. కాబట్టి ఇది ఒకరి ఉద్యోగంలో భాగం కావాలి. ఇంజనీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్కుల్లో ల్యాబ్ అసిస్టెంట్లు ఉన్నారు, వాళ్లకు మంచి నెట్ కనెక్షన్ ఉంది, రాత్రిళ్లు అది ఖాళీగా ఉంటుంది. డెబియన్ స్టేబుల్‌కు సుమారు రెండు నెలలకోసారి దిద్దుబాట్లన్నీ కలిపిన కొత్త విడత వస్తుంది. ఆ విడత వచ్చినప్పుడు పూర్తి నిల్వను, వారానికోసారి భద్రతా జాబితాను ఒక హార్డ్‌డిస్కులోకి తెచ్చి, సంతకం సరిచూసి, తేదీ రాసిన చీటీ అతికించి ల్యాబ్ తలుపు దగ్గర పెట్టాలి. జిల్లా గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టే, బయటివాళ్లు కూడా పెన్‌డ్రైవ్ తెచ్చుకుని కాపీ చేసుకునే వీలుండాలి. మొదటి ఇన్‌స్టాలేషన్ ఇమేజీని సరిచూసే పని మాత్రం అత్యంత జాగ్రత్తగా, ఇద్దరు మనుషులు విడివిడిగా చేయాలి. ఎందుకంటే ఆ తరవాత వచ్చే ప్రతి ప్యాకేజీ సంతకాన్ని పరీక్షించే తాళంచెవులు ఆ ఇమేజీలోంచే యంత్రంలోకి చేరతాయి.